కొత్తగా ఏమీ కొనకుండా మొదలుపెట్టండి: చెత్తబుట్ట నుంచి కరెంటు బిల్లు దాకా

ఈ రాత్రి వంటిల్లు సర్దేశాక చెత్తబుట్ట మూత తీసి ఒకసారి లోపలికి చూడండి. బీరకాయ చెక్కు, ఉల్లిపాయ పొట్టు, కాచిన టీపొడి, పిల్లలు వదిలేసిన అన్నం, వాటి మధ్యలో పాల ప్యాకెట్టు, బిస్కెట్ల కవరు, ఎవరో తుడిచి పడేసిన పేపరు. అన్నీ కలిసి ముద్దయి ఉంటాయి. ఆ ముద్దలోంచి తడిదాన్ని తీసేస్తే మిగిలేది చాలా తక్కువ, పైగా అది వాసన రాదు, వారం రోజులు మూలన పెట్టినా ఏమీ కాదు. పర్యావరణం కోసం ఇంట్లో ఏదైనా చేయాలని ఉంది, ఎక్కడ మొదలుపెట్టను అని అడిగిన ప్రతివాళ్ళకీ నేను చెప్పేది ఇదే. వెదురు బ్రష్షులు, గాజు సీసాలు, పేరులో ఎకో అని ఉన్న వస్తువులు ఇప్పుడే వద్దు. ముందు తడి చెత్త సంగతి చూడండి, మిగతావన్నీ దాని వెనకే వస్తాయి.

ఎందుకింత పట్టుగా చెబుతున్నానంటే, మన ఊళ్ళలో ఇళ్ళ నుంచి బయటికి వెళ్ళే చెత్తలో దాదాపు సగం తడి చెత్తే. అది కవర్లో మూటకట్టి డంపింగ్ యార్డులో గుట్టల కింద పడ్డాక గాలి తగలదు, గాలి లేకుండా కుళ్ళినప్పుడు మీథేన్ పుడుతుంది. వందేళ్ళ లెక్కన చూస్తే భూమిని వేడెక్కించడంలో కార్బన్ డయాక్సైడ్ కంటే మీథేన్‌ది సుమారు 28 రెట్లు ఎక్కువ బలం. కుళ్ళిన చెత్త నుంచి కారే నల్లటి నీళ్ళు భూమిలోకి, చెరువుల్లోకి దిగుతాయి. హైదరాబాద్ చెత్త ఎక్కువగా వెళ్ళే జవహర్‌నగర్ డంపింగ్ యార్డు పక్కన మల్కారం చెరువు పాడైపోయింది అలాగే. మనం ముక్కు మూసుకుని బండిలో వేసేసిన ముద్దని అక్కడ ఒక మనిషి చేతులతో విడదీస్తుంది, అందులో సీసా పెంకు ఉందో వాడేసిన సూది ఉందో ఆమెకి తెలియదు. నాకు మిగతా కారణాలన్నిటికంటే ఇదే పెద్ద కారణం.

మొదటి వారం ఒక్క పనే పెట్టుకోండి: విడదీయడం. తడిదానికి ఒక బుట్ట, పొడిదానికి ఒక సంచి, మూడోదానికి ఒక చిన్న డబ్బా. ఈ మూడోది చాలా ఇళ్ళలో ఉండదు. శానిటరీ ప్యాడ్లు, డైపర్లు, బ్లేళ్ళు, గడువు అయిపోయిన మందులు, బ్యాటరీలు, ట్యూబులైట్లు, వీటిని మిగతా చెత్తతో కలపకూడదు. ఇంటి చెత్తని మూడుగా విడదీసి ఇవ్వాలని 2016 నాటి ఘనవ్యర్థాల నిబంధనల్లోనే చెప్పారు. ప్యాడ్లు, డైపర్లని న్యూస్‌పేపర్‌లో చుట్టి పైన ఎర్ర పెన్నుతో ఒక గుర్తు పెట్టండి, చెత్త తీసుకునేవాళ్ళకి విప్పకుండానే అర్థమవుతుంది. పగిలిన గాజు కూడా అంతే, మందంగా పేపరు చుట్టి, టేపు వేసి, విడిగా చేతికిచ్చి చెప్పండి. తడి బుట్టలో ప్లాస్టిక్ కవరు వేయొద్దు, అడుగున రెండు పొరలు న్యూస్‌పేపరు పరిస్తే చాలు, రోజూ కడిగి బోర్లించుకోవచ్చు.

బుట్టలు ఎక్కడ పెడుతున్నారన్నది కూడా చూసుకోండి. తడి బుట్ట కూరగాయలు తరిగే చోటికి చెయ్యి చాపితే అందేలా ఉండాలి. బాల్కనీలో పెట్టి, ప్రతి తొక్కకీ నడిచి వెళ్ళమంటే ఇంట్లో ఎవరూ చేయరు, రెండో రోజుకే అంతా మళ్ళీ ఒకే బుట్టలోకి చేరుతుంది. ఇంట్లో పనికి వచ్చే అక్క ఉంటే ఆవిడకి పక్కన నిలబడి ఒకసారి చూపించండి, ఎందుకు చేస్తున్నామో కూడా చెప్పండి. మా ఇంట్లో అందరికంటే ముందు అలవాటు చేసుకున్నది ఆవిడే.

ఇక్కడ అందరూ ఒక మాట అంటారు, మేం విడదీసి ఇచ్చినా బండిలో రెండూ కలిపేస్తున్నారు కదా, ఇంక దేనికీ అని. కలిపేస్తున్న చోట్లు ఉన్నాయి, కాదనను. అందుకే తడి చెత్త ఇంటి గడప దాటకపోవడమే మంచిదంటాను. అది మీ దగ్గరే ఎరువైపోతే బండిలో కలపడానికి తడిదే ఉండదు, మీరిచ్చే పొడి చెత్త శుభ్రంగా ఉంటుంది కాబట్టి ఎక్కడికి వెళ్ళినా ఏరుకునేవాళ్ళకి నాలుగు డబ్బులు వస్తాయి.

ఎరువు చేయడం

దీనికి తోట అక్కర్లేదు, రెండడుగుల బాల్కనీ చాలు. ఖరీదైన కంపోస్టు కుండీలు దొరుకుతాయి కానీ ఇంటికి రంగులు వేయించినప్పుడు మిగిలిన 20 లీటర్ల పెయింటు డబ్బాలు రెండు దానికంటే ఏమీ తక్కువ కావు. బాగా కడిగి, ఒక మేకుని పట్టకారుతో పట్టుకుని స్టవ్ మీద ఎర్రగా కాల్చి, డబ్బా చుట్టూ జానెడు దూరానికొకటి, అడుగున ఏడెనిమిది చిల్లులు పెట్టండి. ఇది మాత్రం కిటికీలు తెరిచి చేయండి, ప్లాస్టిక్ పొగ పీల్చొద్దు. డ్రిల్లు ఉంటే ఇంకా మేలు. డబ్బాని రెండు ఇటుకల మీద ఎత్తి పెట్టి కింద పాత పళ్ళెం ఒకటి ఉంచండి.

అడుగున నాలుగు వేళ్ళ మందాన ఎండుటాకులు వేయండి. దాని మీద ఆ రోజు తొక్కలు, చెక్కులు, టీపొడి. మళ్ళీ పైన అవి కనపడకుండా ఎండుటాకులు. ఇదే రోజూ చేసే పని. వేసిన తడి ఎంతుందో, కప్పే పొడి కూడా ఇంచుమించు అంత ఉండాలి. ఎండుటాకుల కోసం ఎక్కడికో వెళ్ళక్కర్లేదు, మాఘం, ఫాల్గుణం వచ్చేసరికి వీధుల్లో చెట్లు రాల్చేస్తాయి, ఊడ్చి తగలబెట్టేలోపు రెండు గోనెసంచులు నింపి పెట్టుకుంటే ఏడాదిలో చాలా నెలలు గడుస్తాయి. అవి దొరక్కపోతే కొబ్బరి పొట్టు, లేదా పార్సిల్ అట్టపెట్టెలని టేపు ఊడదీసి చిన్న ముక్కలుగా చింపి వాడండి. మొదటిసారి త్వరగా అందుకోవాలంటే ఒక గ్లాసు పుల్లమజ్జిగ చల్లండి, లేదా గుప్పెడు ఆవుపేడ, లేదా ఎవరింట్లోనైనా తయారైన ఎరువు ఉంటే ఒక దోసెడు. వారానికి రెండుసార్లు కర్రతో అడుగు నుంచి పైకి కలపండి. అందులో బతికే సూక్ష్మజీవులకి గాలి కావాలి, డంపింగ్ యార్డుకీ మీ డబ్బాకీ తేడా అంతా ఆ గాలిలోనే ఉంది.

వాసన వస్తోందంటే తడి ఎక్కువైంది. ఒక గుప్పెడు తీసి పిండి చూడండి: వేళ్ళ మధ్య ఒకటి రెండు చుక్కలు రావాలి, అంతే. ధారగా కారితే ఎండుటాకులు దండిగా వేసి కలపండి, రెండు రోజుల్లో వాసన పోతుంది. చీమలు పట్టాయంటే పొడిగా ఉంది, నాలుగు చేతుల నీళ్ళు చల్లండి. చిన్న చిన్న ఈగలు లేస్తుంటే పైన కప్పడం సరిపోవట్లేదని అర్థం. తెల్లగా బూజు కనిపిస్తే సంతోషించండి, పని జరుగుతోంది. బూడిద రంగు పురుగులు లావుగా కనపడితే చాలామంది భయపడి డబ్బా మొత్తం పారేస్తారు, అవి నల్లటి సైనిక ఈగ (బ్లాక్ సోల్జర్ ఫ్లై) పిల్లలు, కుట్టవు, రోగాలు తేవు, చెత్తని మనకంటే వేగంగా తినేస్తాయి. మాంసం ఎముకలు, నూనె తేలే కూరలు, పాలు మాత్రం మొదట్లో వేయకండి. నిమ్మ, బత్తాయి తొక్కలు కొంచెమైతే పర్వాలేదు, ఎక్కువైతే వాటికి వేరే ఉపయోగం ఉంది, కింద చెబుతాను.

మొదటి డబ్బా నిండాక మూత పెట్టి పక్కన పెట్టేయండి, అప్పుడప్పుడు కలపడం తప్ప దాని జోలికి పోవద్దు. ఈలోగా రెండోది నిండుతుంది. నెలన్నర, రెండు నెలలకి మొదటి దాంట్లో తొక్క ఏదో ఆకు ఏదో గుర్తుపట్టలేనట్టు నల్లగా, పొడిపొడిగా అయిపోయి తొలకరి వాసన వస్తుంది. జల్లెడ పట్టి, రెండు మూడు వంతుల మట్టికి ఒక వంతు కలిపి కుండీల్లో వేయండి. మొక్కలు లేకపోతే అపార్ట్‌మెంట్ కింద ఉన్న చెట్టు మొదట్లో వేయండి, ఏ చెట్టూ వద్దనదు.

డబ్బాలోకి ఏం వేయాలో అన్నదానికంటే ముందు, దాంట్లోకి పోకుండా ఏం తినొచ్చో కూడా చూడాలి. బీరకాయ, ఆనపకాయ చెక్కు పచ్చడికి పనికొస్తుంది, మన అమ్మలు ఏనాడూ పారేయలేదు. రాత్రి అన్నం మిగిలితే పొద్దున మజ్జిగ పోసుకున్న చద్దన్నం, లేదంటే పులిహోర. పులిసిన దోసెల పిండికి పునుగులు. వండిన తిండి పారేస్తే పోయేది ఆ గిన్నెడు కాదు, దాని వెనకున్న వరి మడి నీళ్ళు, మోటారు కరెంటు, గ్యాసు అన్నీ పోతాయి.

కవర్లు, పాల ప్యాకెట్లు

120 మైక్రాన్లకంటే పలచని ప్లాస్టిక్ క్యారీ బ్యాగుల మీద 2022 డిసెంబరు 31 నుంచి నిషేధం ఉంది, అయినా కూరగాయల బండి దగ్గర పలచటి కవరు అడక్కుండానే చేతికొస్తోంది. దాన్ని ఆపాలంటే అమ్మేవాళ్ళతో వాదన అవసరం లేదు, ఆయన కవరు లాగకముందే మీ సంచి ముందుకు చాపితే చాలు. సంచి గుర్తుండదు అనేవాళ్ళు మడత పెట్టి బండి డిక్కీలో ఒకటి, ఆఫీసు బ్యాగులో ఒకటి, చెప్పులు విడిచే చోట మేకుకి ఒకటి తగిలించండి. పాత కాటన్ చీరతో అయిదారు చిన్న సంచులు కుట్టించుకుంటే రైతుబజారులో పచ్చిమిరప, టమాటా, చిక్కుడు దేనికది వేయించుకోవచ్చు.

చికెన్, మటన్ కొట్టుకి స్టీలు డబ్బా తీసుకెళ్ళండి. ఖాళీ డబ్బాని కాటా మీద పెట్టించి, సున్నా చేయించి, అప్పుడు తూకం వేయమనండి. మొదటి రెండుసార్లు వింతగా చూస్తారు, తర్వాత మిమ్మల్ని చూడగానే వాళ్ళే చెయ్యి చాపుతారు. టిఫిన్ సెంటర్‌కి క్యారియర్ తప్పనిసరి, మరుగుతున్న సాంబారు పలచటి కవర్లో పోసి ముడేసి ఇవ్వడం, దాన్ని మనం పిల్లలకి పోయడం, ఇది చెత్త సమస్య కంటే ముందు ఆరోగ్య సమస్య.

పాల ప్యాకెట్టు దగ్గర ఒక చిన్న సంగతి. మనందరం మూల కత్తిరించి ఆ ముక్కని పారేస్తాం. ఆ గోరంత ముక్క ఎవరికీ దొరకదు, ఎవరూ ఏరరు, కాలవలోకో ఆవు కడుపులోకో పోతుంది. పూర్తిగా తెగకుండా, మూల ప్యాకెట్టుకి అంటుకుని ఉండేలా కత్తిరించండి. పాలు పోసుకున్నాక అందులో కాసిన్ని నీళ్ళు పోసి ఆడించి, ఆ నీళ్ళు మొక్కలకి పోసి, ప్యాకెట్టు తీగ మీద ఆరేయండి. ఆరినవి ఒక సంచిలో వేస్తూ ఉంటే పాత పేపర్లవాళ్ళు తీసుకుంటారు, పాల కవరు మంచి ప్లాస్టిక్, దానికి ధర ఉంది. చిప్స్ ప్యాకెట్ల లాంటి లోపల వెండి రంగు ఉన్నవాటికి లేదు, వాటిలో ప్లాస్టిక్, అల్యూమినియం పొరలు అతుక్కుని ఉంటాయి కాబట్టి విడదీయడం కష్టం. అవి కొనడం తగ్గించడమే దారి.

నీళ్ళు

హైదరాబాద్‌లో కుళాయి తిప్పగానే వచ్చే నీళ్ళు ఎక్కువ భాగం నాగార్జునసాగర్ నుంచి కృష్ణ, ఎల్లంపల్లి నుంచి గోదావరి. వంద కిలోమీటర్లకి పైగా మోటార్లతో ఎత్తిపోసుకుంటూ తెస్తారు. అంటే ఇక్కడ ఒక బకెట్టు మిగిలిస్తే దాన్ని తెచ్చిన కరెంటు కూడా మిగిలినట్టే. షవర్ నిమిషానికి పది లీటర్ల వరకు పోస్తుంది, బకెట్టు స్నానం ఇరవై లీటర్లలో అయిపోతుంది, ఇందులో పెద్దగా చెప్పడానికేమీ లేదు, బకెట్టు మేలు.

ఎక్కువమంది పట్టించుకోనిది ఆర్వో ఫిల్టరు. ఒక లీటరు మంచినీళ్ళు ఇవ్వడానికి అది రెండు మూడు లీటర్లు సింకులోకి వదిలేస్తుంది. ఆ పైపుని ఒక బకెట్లోకి పెట్టండి, ఇల్లు తుడవడానికి, బాత్రూమ్ కడగడానికి, మొదటి విడత గిన్నెలు తొలవడానికి సరిపోతాయి. మొక్కలకి మాత్రం రోజూ పోయకండి, లవణాలు ఎక్కువ ఉంటాయి. ఇంకా ముందు ఒక పని చేయండి, మీ కుళాయి నీళ్ళ టీడీఎస్, అంటే నీళ్ళలో కరిగి ఉన్న లవణాలు ఎంతో, కొలిపించండి. మున్సిపల్ నీళ్ళయి 500 లోపు ఉంటే మామూలుగా ఆర్వో అవసరం ఉండదు, యూవీ ఫిల్టరు సరిపోతుంది. బోరు నీళ్ళయితే, ముఖ్యంగా నల్గొండ, ప్రకాశం జిల్లాల్లాగా ఫ్లోరైడ్ ఉన్న చోట, నీటి పరీక్ష చేయించకుండా ఆర్వో తీసేయొద్దు. బియ్యం, పప్పు కడిగిన నీళ్ళు కరివేపాకు చెట్టుకి పోయండి, ఆ తేడా ఆకుల్లో కనపడుతుంది.

కరెంటు, గ్యాసు

మన ఇళ్ళలో ఎక్కువసేపు తిరిగేది ఫ్యాను. పాత ఫ్యాను 75 వాట్లు తింటుంది, తక్కువ కరెంటు తినే మోటారు ఉన్న బీఎల్‌డీసీ ఫ్యాను 30 వాట్ల దగ్గర నడుస్తుంది. ఎండాకాలంలో రోజుకి 15 గంటలు తిరిగే ఫ్యానుకి లెక్క వేస్తే నెలకి 20 యూనిట్లు తేడా, ఒక్క ఫ్యానుకే. కొత్తవి కొనొద్దన్నాను కదా అనకండి, ఉన్నది బాగున్నంత కాలం వాడండి, వైండింగ్ కాలిపోయి మార్చాల్సి వచ్చినప్పుడు మాత్రం ఇది తీసుకోండి. తెలంగాణలో నెలకి 200 యూనిట్లు దాటితే రేటే మారిపోతుంది కాబట్టి అంచున ఉన్నవాళ్ళకి ఇది గట్టి ఆదా.

ఏసీ ఉంటే 24 నుంచి 26 మధ్య పెట్టి ఫ్యాను నెమ్మదిగా తిప్పండి. ఒక్క డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం కరెంటు తగ్గుతుందని బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ చెబుతోంది, అందుకే 2020 జనవరి నుంచి కొత్త ఏసీలు ఆన్ చేయగానే 24 దగ్గర మొదలయ్యేలా నిబంధన పెట్టారు. ఫిల్టరు తీసి రెండు వారాలకోసారి కుళాయి కింద కడిగి ఆరబెట్టండి, దానికి మెకానిక్ అక్కర్లేదు. టీవీ, సెట్‌టాప్ బాక్సు రిమోట్‌తో కాకుండా గోడ దగ్గర స్విచ్ కట్టేయండి.

గ్యాసు సంగతికొస్తే, పప్పు అరగంట, శనగలు, రాజ్మా రాత్రంతా నానబెట్టడం, మంట గిన్నె అడుగు దాటి బయటికి రాకుండా చూసుకోవడం, మంట పసుపుగా మారితే బర్నర్ తీసి పాత టూత్‌బ్రష్‌తో శుభ్రం చేయడం, ఇంతే. ఒకటో రెండో విజిల్‌కి మంట తగ్గించేస్తే లోపలి ఆవిరితోనే మిగతాది ఉడికిపోతుంది.

తోమడం, ఉతకడం, కట్టుకోవడం

పైన చెప్పిన నిమ్మ, బత్తాయి తొక్కలతో ఇల్లు తుడిచే ద్రవం చేసుకోవచ్చు. బెల్లం 100 గ్రాములు, తొక్కలు 300 గ్రాములు, నీళ్ళు ఒక లీటరు. గాజు సీసా వద్దు, గ్యాసు పట్టి పగలొచ్చు, ప్లాస్టిక్ సీసాలో కొంత ఖాళీ వదిలి పోయండి. మొదటి నెల రోజూ మూత కొంచెం వదులు చేసి గ్యాసు పోనివ్వండి. మూడు నెలలకి వడకట్టి, బకెట్టు నీళ్ళకి చిన్న గ్లాసుడు కలిపి నేల తుడవండి. గిన్నెలు తోమడానికి ప్లాస్టిక్ స్క్రబ్బరు బదులు ఎండిన బీరపీచు, కొబ్బరి పీచు. తలకి కుంకుడుకాయ రసం వారానికి ఒకసారైనా వాడి చూడండి, రాత్రి గింజలు తీసి వేడినీళ్ళలో నానేస్తే పొద్దున పిసకడం తేలిక, కళ్ళలో పడకుండా పిల్లలకి మాత్రం జాగ్రత్తగా పోయాలి.

బట్టల విషయంలో నేను చెప్పేది ఒక్కటే, పాతబట్టలు దేనికీ పనికిరానివి కావు. మెత్తబడ్డ చీరలు బొంతలు కుట్టించండి, కాటన్ బనియన్లు మసిగుడ్డలు చేయండి, కట్టుకోవడానికి బాగున్నవి తెలిసినవాళ్ళకి ఇవ్వండి, మిగిలినవి స్టీలు సామాన్లకి మార్చుకునేవాళ్ళు ఇప్పటికీ వీధుల్లో తిరుగుతూనే ఉన్నారు.

ఫంక్షన్లు

ఏడాదంతా ఇంట్లో చేసినది ఒక్క గృహప్రవేశంలో తిరగబడిపోతుంది, కాబట్టి దీన్ని చివరికి ఉంచాను. థర్మకోల్ అలంకరణ సామాను, ప్లాస్టిక్ గ్లాసులు, ప్లేట్లు, స్పూన్లు 2022 జూలై 1 నుంచి దేశమంతా నిషేధం. ప్లాస్టిక్ పూత ఉన్న కాగితం ప్లేట్లు మంచివనుకుని చాలామంది తెస్తున్నారు, అవి ఎరువు కావు, మళ్ళీ వాడుకోలేం. అరటి ఆకులు దొరికితే అవి, లేకపోతే మోదుగ విస్తళ్ళు, అడ్డాకు విస్తళ్ళు. నీళ్ళ సీసాలు వద్దని క్యాటరింగ్ వాళ్ళకి బేరం మాట్లాడే రోజే చెప్పండి, ముందు రోజు చెబితే వాళ్ళు అప్పటికే ఆర్డరిచ్చి ఉంటారు. స్టీలు గ్లాసులు, కుళాయి ఉన్న నీళ్ళ క్యాన్లు అద్దెకిచ్చే టెంట్ హౌసులు ప్రతి ఊళ్ళోనూ ఉన్నాయి. సిద్దిపేట జిల్లాలో చాలా పల్లెల్లో స్టీలు బ్యాంకులు పెట్టుకున్నారు, ఊళ్ళో ఎవరింట్లో శుభకార్యం అయినా కంచాలు, గ్లాసులు అక్కడి నుంచే వెళ్ళి కడిగి తిరిగొస్తాయి. మీ అపార్ట్‌మెంట్‌లో పాతిక ఇళ్ళుంటే అలాంటిదే ఒకటి మొదలుపెట్టొచ్చు, ఇంటికి నాలుగు కంచాలు, నాలుగు గ్లాసులు ఇస్తే వందమందికి సరిపోతాయి. కడిగే మనిషికి ఎంతివ్వాలో ముందే మాట్లాడుకోండి, విస్తళ్ళు విడిగా వేయడానికి భోజనాల చోట మూతలేని పెద్ద డ్రమ్ము ఒకటి పెట్టి, దాని పక్కన ఇంటి కుర్రాడినొకణ్ణి నిలబెట్టండి.